ముల్లంగి పోగులు

కరెంటు పోయింది. ముందు గోడ ఆగింది, ఆ తర్వాత చప్పుడు ఆగింది. నాకు ఎప్పుడూ ఆ వరసలోనే అనిపిస్తుంది. మా గది గోడకు అవతలే కార్ఖానా, అందులో సాంచలు, అంటే మరమగ్గాలే, మా సిరిసిల్ల దిక్కు అందరూ సాంచలనే అంటారు, అవి నడిచినంతసేపు గోడ సన్నగా వణుకుతుంది, గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుతూ గొణుగుతుంటాయి, చెంబులో నీళ్ల మీద గుండ్రటి ముడతలు పడుతూనే ఉంటాయి. ఇప్పుడు నీళ్లు కదలడం లేదు. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుస్తోంది, ఇందాకటి నుంచీ ఏడుస్తోందేమో, ఇప్పుడే వినిపించింది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. చప్పుడున్నంతసేపు నాకు ధైర్యం. ఎవరూ ఏమీ అడగరు, అడిగినా వినపడనట్టు ఉండొచ్చు. ఠాణే దగ్గరి ఈ పద్మనగర్‌లో పగటిపూట కరెంటు పోయిందంటే గంటదాకా రాదు, ఆ గంటలోనే సాంచల వాళ్లందరూ అన్నానికి లేస్తారు. బాపు కూడా లేస్తాడు. మెట్లెక్కి ఈ గదికి వస్తాడా, వీధి దాటి ఎదురుగా ఉన్న మెస్సులోకి పోతాడా, నాకు తెలియంది అదొక్కటే. ఒక చేతిలో ముల్లంగి, ఇంకో చేతిలో శాంతాబాయి మౌసీ ఇచ్చిన ప్లాస్టిక్ మిషను పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను.

"రేపటిసంది నాకు వండకు బిడ్డా. నేను మెస్సుల తింట. నీకెంత గావాల్నో గంతే వండుకో." నిన్న సాయంత్రం గడప దగ్గర చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. బాపు నాతో ఒకేసారి అన్ని మాటలు అనడం అదే మొదలు. ఆ మాటలు విన్నప్పటి నుంచీ తిప్పి తిప్పి చూస్తున్నాను, బట్ట కొనేవాళ్లు వెలుతురుకు పట్టి చూసినట్టు. వండకు అంటే బాగా వండడం లేదని. బాగా వండకపోతే ఇక్కడ నాతో పనేముంది. పనిలేకపోతే ఊరికి పంపిస్తాడు. పంపిస్తే బాపు మెస్సులోనే తింటాడు, మెస్సంటే తెల్లటి అన్నం కుప్ప, మీద పప్పు, పక్కన ఆలుగడ్డ కూర, అడిగినంత వడ్డిస్తారు. అడిగినంత వడ్డిస్తే బాపు వేలు పోతుంది. ఎట్లా మొదలుపెట్టినా నా ఆలోచన ఆ వేలు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఎడమకాలి బొటనవేలు. వానల ముందు సాంచలోంచి, అడ్డపోగు మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడె ఎగిరి వచ్చి దాని మీద పడింది. దెబ్బ చిన్నదే, ఇంకొకరికైతే వారంలో ఎండిపోయేది. బాపుకు ఎండలేదు. దవాఖానలో రక్తం చూసి షుగరన్నారు. డాక్టరు వయసులో ఉన్నవాడు, బాపును కాకా అని పిలిచి, చావల్ బంద్, మైదా బంద్, నహీ తో ఉంగ్లీ కాట్నీ పడేగీ, అన్నాడు. మా ఊరి బడిలో హిందీ సారు పాఠాలు చెప్పి అప్పజెప్పించుకున్నాడు గాని ఆ మాటను ఇట్లా వింటానని చెప్పలేదు. బియ్యం మానకపోతే వేలు తీసేయాలి. నేను బాపు వెనకాల నిలబడి ఉన్నాను. బాపు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు, అందులో బొమ్మేదో చాలా అవసరమైనదైనట్టు. సాంచల దగ్గర కూర్చునే పని లేదు. ఒకదాని నుంచి ఒకదానికి నడుస్తూనే ఉండాలి, తెగిన పోగును ముడేయాలి, నూలు అయిపోయిన కండెను మార్చాలి. నడక లేని మనిషికి సాంచలు లేవు. ఈ సంగతి డాక్టరు చెప్పలేదు, మాకు చెప్పాల్సిన పని లేదు.

పుండు మానడం లేదని తెలిసినప్పుడే అమ్మ రావాల్సింది నిజానికి. నాయినమ్మ ఐలవ్వ మంచం దిగదు, ఆమెను విడిచి అమ్మ రాలేదు, నా పదో తరగతి అయిపోయింది, అందుకని నన్ను బస్సెక్కించింది. నీ చేతి తిండి తింటె గట్టిపడ్తడు బిడ్డా, అంది. కిటికీలోంచి అమ్మ చెయ్యి విడిచినప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. బాపు అంటే నాకు దసరాకు వచ్చే మనిషి. వచ్చిన రోజు నిద్రపోతాడు, మర్నాడు చుట్టాలు వస్తారు, జమ్మి ఆకు చేతిలో పెట్టి అందరికీ మొక్కిస్తాడు, నా తల మీద చెయ్యి పెట్టి ఎన్నో తరగతి అంటాడు, నేను చెప్తాను, నా గొంతు నాకే వినపడదు, అప్పటికే ఎవరో పిలుస్తారు, వెళ్లిపోతాడు. అట్లా చూసిన రోజులన్నీ కలిపినా ఒక ఎండాకాలం సెలవులంత కావు. అటువంటి మనిషితో ఒకే గదిలో ఉండాలి, ఆయన బనీను ఉతకాలి, ఆయన తిన్నది చూడాలి. పొద్దుటే బస్సు దిగేసరికి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నా సంచి తీసుకున్నాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. గదిలో సంచి పెట్టి, సాయంత్రం డ్యూటీ దిగాక, రా అని ఒక్క మాట అని పక్క బస్తీ కనేరి వైపు నడిపించాడు.

అక్కడ చైనీజు గాడీ, తోపుడుబండి. ఎర్రటి ప్లాస్టిక్ స్టూళ్లు, పెద్ద మంట, నల్లటి మూకుడులో నూడుల్స్ ఎగిరి పడుతున్నాయి. నేను అంతకుముందు టీవీలోనే చూశాను. ఒక్క ప్లేటు తీసుకున్నాడు, రెండు ఫోర్కులు అడిగాడు. నాకు ఫోర్కు రాదు, ఆయనకూ అంత బాగా రాదు. ఒక పోగు పట్టుకుని పైకి లేపాడు, అది వస్తూనే ఉంది, చెయ్యి తలదాకా పోయింది, ఇంకా వస్తూనే ఉంది. "సూడు, ఏడ తెగలే!" అన్నాడు. బాపు ముఖం అప్పుడు ఒక్కసారి చిన్నపిల్లగాడిది అయిపోయింది. పోగు తెగకుండా రావడం అంటే ఆయనకు ఎంత ఇష్టమో ఆ రోజు తెలిసింది. నేను కూడా ఒకటి లేపాను, మధ్యలోనే తెగి నా గౌను మీద పడింది, ఆయన నవ్వాడు, నేను కూడా నవ్వాను, ఆ తర్వాత ఇద్దరం సిగ్గుపడి ప్లేటు వైపు చూశాం. దవాఖాన చీటీ ఆ తర్వాతి వారం వచ్చింది. మైదా బంద్. ఆ గాడీ ముందునుంచి పోవాల్సి వస్తే ఇప్పుడు బాపు రోడ్డు అవతలికి దాటుతాడు.

ముల్లంగిని మిషనులో పెట్టి తిప్పుతున్నాను. ఆ మిషను పేరేమిటో నాకు తెలియదు, మౌసీకీ తెలియదు. పెన్సిలు చెక్కేదానిలాగే ఉంటుంది గాని పిడికిలంత, లోపల పళ్లున్న బ్లేడు. శాంతాబాయి మౌసీ ఈ చాలులోనే, అంటే ఈ వరస గదుల ఇంట్లోనే, కింద గదిలో ఉంటుంది, పెళ్లిళ్లకు వంటచేసే వాళ్ల దగ్గర సలాడ్లు కోసే పని. ఠాణే స్టేషన్లో ఒకడు చాప మీద పరుచుకుని, గాజర్, అంటే క్యారెట్, తిప్పి తిప్పి పూలదండలాగా చేసి చూపిస్తుంటే కొన్నదట. మొన్న నేను నల్లా దగ్గర బిందె నింపుతుంటే ఆమె గుమ్మంలో కూర్చుని తిప్పుతోంది, గాజర్ చివరినుంచి పోగు ఊడివస్తోంది, ఒళ్లో పడుతోంది, పడుతూనే ఉంది. బిందె నిండి పొర్లినా చూసుకోలేదు. అవి నూడుల్సే. మైదా లేని నూడుల్స్. అడగాలి. అడగడమే నాకు రానిది. బిందె గదిలో పెట్టి వచ్చాను, ఖాళీ చేతులతో నిలబడ్డాను, మళ్లీ పైకి పోయాను, ఇంకో బిందె తెచ్చాను, అప్పటికే నల్లా కట్టేశారు. "కాయ్ గ పోరీ," అంది మౌసీ నవ్వుతూ, "ఖాళీ బిందెతోని ఎన్నిసార్లు తిరుగుతవు? బోల్ నా." ఆమె తెలుగు అట్లానే ఉంటుంది, చుట్టూ మావాళ్లే కాబట్టి వచ్చేసింది. నేను మిషను వైపు వేలు చూపించాను. అంతే చేయగలిగాను. ఆమె గాజర్ ముక్క విదిలించి, మిషను నా చేతిలో పెట్టి, ఇంత చిన్న సీసాలో నల్ల సాసు కూడా పోసి ఇచ్చింది. "ఆహిస్తా ఘుమా, మెల్లగ తిప్పు. ఒకటే జోరు ఉండాలె. ఆగితే తెగుతది."

ఆగితే తెగుతుంది. నిజమే. ముల్లంగి తెల్లగా వస్తోంది, అచ్చం నూలే, తడిసిన నూలు. గుండ్రంగా వస్తోంది, గిన్నెలో చుట్టలు చుట్టుకుంటోంది, గాలిలో నీళ్ల వాసన, ఘాటు వాసన. జానెడు రాగానే తెగింది. మళ్లీ పెట్టాను, మూరెడు వచ్చి తెగింది. పచ్చి ముల్లంగికి బిరుసు ఎక్కువ, వంగమంటే విరుగుతుంది. నాకు కోపం వస్తోంది, నా మీదే. ఇన్నాళ్లూ ఏం వండి పెట్టాను ఆయనకు? ఉడకబెట్టిన బీరకాయ. నూనె లేని క్యాబేజీ. రెండు రొట్టెలు. ఏ పూట కూడా బాగాలేదు అనలేదు. నేను ఇంకొంచెం వేయబోతే చెయ్యి చాపి కంచం మీద అడ్డంగా పెడతాడు, అరచెయ్యి కిందికి. చాలని. ఆ అరచెయ్యి చూసి చూసి నాకు దాని మీది గీతలన్నీ వచ్చేశాయి, దారం కోసిన సన్నటి తెల్లటి గీతలు. ఇంట్లో కూడా బాపు చేతులతోనే మాట్లాడతాడు. కార్ఖానాలో అందరూ అంతే, ఆ చప్పుడులో గొంతు పనికిరాదు. ఒకసారి టిఫిన్ ఇవ్వడానికి పోయి తలుపు దగ్గర నిలబడి చూశాను. పోగు తెగితే రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తారు. చాయ్‌కి బొటనవేలు నోటి దగ్గర పెడతారు. కండెలు అయిపోవస్తే బాపు చెయ్యి పైకెత్తి చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు, మూలకు కూర్చుని కండెలు చుట్టే చంద్రవ్వ చూసి, లేచి, నిండు కండెలు తెచ్చి డబ్బాలో పోసింది. ఒక్క మాట లేదు. అక్కడ బాపు ఎంత మాట్లాడుతున్నాడో అనిపించింది. నవ్వుతున్నాడు కూడా. ఇంటికొస్తే ఆ భాషలో నాకు దక్కింది అరచెయ్యి ఒక్కటే.

పోగులు తెగుతున్నాయి. తెగకుండా ఎట్లా? ఊళ్లో పడుగు పోగులకు గంజి పెడతారు. గంజి పట్టి ఆరితే నూలు గట్టిపడుతుంది, మగ్గం మీద లాగినా తెగదు. నాయినమ్మ చేతుల్లో నుంచి గంజి వాసన పోయేది కాదు, పడుకున్నా అదే వాసన, నేను ఆమె పక్కన పడుకునేదాన్ని కాబట్టి నాకు నిద్ర అంటే కూడా గంజి వాసనే. పోగుకు గంజి. ఆలోచించాల్సిన పని కూడా లేకుండా చేతికి తోచింది. మా గదిలో గంజి లేదు, అన్నం వండడం లేదు కదా. పక్క గదిలో గిన్నె చప్పుడు. కరెంటు లేక కండెల మిషను కూడా ఆగింది, చంద్రవ్వ వచ్చి అన్నం వారుస్తోంది. ఆమె మా ఊరి దిక్కు మనిషే, అయినా ఆమె ముందు నిలబడితే నాకు నాలుక తిరగదు. గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏందే తిరుమలా, గట్ల నిలబడ్డవు? అప్పుల్దానిలెక్క!"

"అవ్వా... ఇంత గంజి."

"గంజెందుకే? చీర గూడ కట్టవైతివి, గంజెవలకు?"

"కూరకు," అన్నాను.

"కూరకు గంజి! మీ బడిల గిదేనా చెప్పింది?" అని నవ్వుతూనే పోసింది, వేడి వేడిగా, తెల్లగా, చిక్కగా. నేను పరిగెత్తినట్టే వచ్చి ముల్లంగి పోగులన్నీ అందులో ముంచాను. చల్లారనిచ్చి, వేళ్లతో పైకి తీసి, ఒక్కొక్కటీ పిండి, దండెం మీద వేశాను. ఎంత బాగా తోచింది నాకు. దండెం మీద బాపు లుంగీ పక్కకు జరిపి ముల్లంగి పోగులు వరసగా వేలాడదీశాను, ఊళ్లో వాకిట్లో కట్టలు కట్టలుగా నూలు చిలపలు ఆరేసినట్టు. కిటికీలోంచి గాలి వస్తే కదులుతున్నాయి. నాయినమ్మ చూస్తే ఏమంటుంది, బాపు చూస్తే ఏమంటాడు, నవ్వుతాడా, ఏడ తెగలే అంటాడా.

చంద్రవ్వ గుమ్మంలోంచి తొంగిచూసింది. దండెం చూసింది, గిన్నె చూసింది, నన్ను చూసింది. ముక్కు మీద వేలేసుకుంది. "ఓ పిల్లా. గంజంటే ఏంది?"

నేను గిన్నెలో మిగిలిన గంజి వైపు చూశాను.

"బియ్యం సారమంత గండ్లనే ఉంటది గదనే. మీ బాపుకు బువ్వ బందువెట్టి, గంజి తాపుతున్నవా?"

బియ్యం. బియ్యమే కదా. అన్నం మానిపించి, అన్నం పిండి తీసి పోగుపోగుకూ పూశాను. డాక్టరు మాట అంత బాగా అర్థమైంది నాకు, హిందీలో పిల్లలందరి ముందు చదివి వినిపించేదాన్ని నేను, గంజి చేతిలో పట్టుకుంటే మాత్రం నూలు ఒక్కటే కనిపించింది. ఇంట్లో గంజి అంటే తినేది కాదు, పోగుకు పెట్టేది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే దాచుకోవడానికి దండెం వైపు తిరిగాను. చంద్రవ్వ లోపలికి వచ్చి నా జడ పట్టుకుని కొంచెం లాగింది, దెబ్బలాగా కాదు, పిల్లిని పిలిచినట్టు. "ఏడ్వకు. ఏడిస్తే కరెంటొస్తదా? ఉప్పు జల్లి పక్కకు వెట్టు, మెత్తగైతది, ఇర్గది. మేము తొక్కులకు గట్లనే జేస్తం. నీళ్లు పిండి పారేయ్. ఘాటు గూడ పోతది." పోబోతూ గడప దగ్గర ఆగింది. "నీదంత నీ బాపు తీరే. ఇద్దరు నోర్లు కట్టుకొని కూసుంటరు. పొద్దున అడిగిండు నన్ను, నా బిడ్డ బువ్వ తింటదా, తినదా అని. నన్నడుగుడేంది, నీ బిడ్డనడుగు అన్న. తలకాయ గోక్కుండు."

ఆమె వెళ్లిపోయింది. నేను ఆ మాటను అక్కడే వదిలేశాను, ఇప్పుడు పట్టుకునే సమయం లేదు. గంజి పోగులన్నీ దండెం మీదినుంచి తీసి బకెట్లో వేశాను. ఇంకో రెండు ముల్లంగులే ఉన్నాయి, చిన్నవి, ఒక గాజర్. తిప్పాలి. ఒకటే జోరు. చెయ్యి తిప్పుతుంటే మనసు కూడా దానితో తిరుగుతోంది. నేను అన్నం తింటానా తిననా అని ఎందుకడిగాడు? తినడం లేదు, ఆయన ముందు కూర్చుని నేను తెల్ల అన్నం ఎట్లా తింటాను, ఆ వాసన ఆయన ముక్కుకు తగలదా, అందుకని నాకూ అవే రొట్టెలు, అవే ఉడికిన ముక్కలు. ఆకలేస్తే నీళ్లు తాగుతాను. ఎవరికీ చెప్పలేదు. బియ్యం డబ్బా ఎప్పటిది అప్పటిదే ఉంది, మూత కూడా తీయలేదు, బాపు చూశాడా? నేను ఆయన కంచం చూస్తున్నట్టే ఆయన నా డబ్బా చూశాడా? పోగు వస్తోంది, ఆగలేదు, తెగలేదు. ఉప్పు చల్లాను. పోగులు నీళ్లు వదులుతున్నాయి, చూస్తుండగానే బిరుసు పోతోంది, వేలికి చుట్టితే చుట్టుకుంటోంది, గంజి చేయలేని పని ఉప్పు చేసింది. పిడికిట్లో పెట్టి పిండాను. తెల్లవి, మధ్యలో ఎర్రటి గాజర్ పోగులు. నీళ్లు ఆరడానికి మళ్లీ దండెం మీదే వేశాను. ఇంకెక్కడ వేయాలో నాకు తెలియదు.

కింద మనుషులు. కార్ఖానా తలుపులోంచి ఒక్కొక్కరే వస్తున్నారు, చెవుల్లోని దూది తీస్తూ, తల మీది దూది పింజలు దులుపుకుంటూ. అరుగు మీద కూర్చుని ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, సాంచలు ఆగినా వాళ్లకు గొంతు తగ్గించడం గుర్తురాదు. బాపు వచ్చాడు. ఎడమకాలి వేలికి కట్టిన గుడ్డ, వెనక పట్టీ తెగిన చెప్పు, కాలు బయటి వైపుకు వేసి నడుస్తాడు. మా మెట్ల వైపు చూశాడు. పైకి కూడా చూశాడేమో, నేను కిటికీ నుంచి వెనక్కి తగ్గాను. మళ్లీ చూసేసరికి వీధి దాటుతున్నాడు. మెల్లగా, రిక్షా పోనిచ్చి. మెస్సు గుమ్మంలో వేలాడే ప్లాస్టిక్ పూసల తెర పక్కకు జరిపాడు. తెర ఆయన వెనక మూసుకుంది, కాసేపు ఊగింది, ఆగింది.

అయిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. పూసల తెర వైపే చూస్తున్నాను. లోపల ఇప్పుడు కంచం ముందు పెట్టి ఉంటారు. అన్నం కుప్ప మధ్యలో వేలితో గుంట చేస్తాడు, దసరాకు వచ్చినప్పుడు చూశాను, ఆ గుంటలో అమ్మ పప్పు పోసేది. ఆయనకు ఎంత ఆకలి ఉంటుందో. తిననీ. ఒక్క పూట. కాదు, ఒక్క పూట కాదు కదా. రేపటిసంది అన్నాడు. ఆ వేలు. బస్సులో నేను మళ్లీ ఒక్కదాన్నే కూర్చుని పోతుంటే అమ్మకు ఏం చెప్పాలి, ఆయనకు నా చేతి తిండి పడలేదని చెప్పాలా, ఆయన ఎవరో నాకు తెలియనే లేదని చెప్పాలా. నూడుల్సు పోగు పైకి లేపి నవ్విన మనిషి ఒకడు ఉన్నాడు, ఆయన కోసం నేను వంట మొదలుపెట్టాను, ఆయన ఆ ఒక్క సాయంత్రం వచ్చి వెళ్లిపోయాడు. గాలికి దండెం మీద పోగులు కదిలాయి. ఒకటి తెగి సగం కింద పడింది. తీయబుద్ధి కాలేదు.

మెట్ల మీద చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

బాపు గడపలో నిలబడ్డాడు. చేతిలో పేపరు పొట్లం, మెస్సుది, నూనె మరక, వేడికి పేపరు తడిసింది. అది నా ముందు నేల మీద పెట్టాడు. "తిను," అన్నాడు. నేను కదల్లేదు. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు, "నాకోసమని నువ్వు కడుపు మాడ్చుకునుడేంది బిడ్డా. నేను మెస్సుల తింటనంటె అన్న నువ్వు నీ మందం బువ్వ వండుకుంటవనుకున్న. పొద్దున పొయ్యేటప్పుడు డబ్బ సూసిన. బియ్యం గట్లనే ఉన్నయి."

"నువ్వు తిన్నవా బాపూ?" నా గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు. నిశ్శబ్దంలో గదంతా పలికింది.

"లే. నాది నేను జూసుకుంట." అప్పుడు దండెం కనిపించింది ఆయనకు. దగ్గరికి వెళ్లాడు. లుంగీ పక్కన వేలాడుతున్న తెల్లటి పోగులను చూశాడు. ముందు ముట్టుకోలేదు, తల ఒక పక్కకు వంచి చూశాడు. ఆ తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక పోగు పట్టుకుని మెల్లగా నలిపాడు, నూలు చూసేవాళ్లు నలిపినట్టే. "ఇదెంత కౌంటే?" అన్నాడు, నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క అడుగుతూ.

నాకు నవ్వు వచ్చింది. "ముల్లంగి బాపూ."

"ముల్లంగా!" వాసన చూశాడు. కింద పడిన సగం పోగు కనిపించింది, వంగి తీశాడు, లుంగీకి తుడిచాడు. దండెం మీద మిగిలిన సగం చివర పట్టుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదనుకుంటాను. రెండు కొసలు ఒకదాని మీద ఒకటి వేసి, వేలిచుట్టూ తిప్పి, గోటితో లోపలికి తోసి, లాగాడు. సాంచ దగ్గర రోజంతా వేసే ముడే. ఉప్పులో మెత్తబడ్డ ముల్లంగి తెగలేదు, ముడి నిలిచింది. వేలాడుతున్న పోగును పైకి లేపాడు, చెయ్యి తలదాకా పోయింది. నా వైపు తిరిగాడు. ఆ ముఖం. కనేరి గాడీ దగ్గరి ముఖం.

పొయ్యి ముట్టించాను. ఇంత నూనె, నలగ్గొట్టిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, మంట పెద్దది చేసి పోగులు వేశాను, గాడీవాడు మూకుడు ఎగరేసినట్టు నాకు రాదు గాని గరిటెతో పైకి లేపి వేశాను. నల్ల సాసు నాలుగు చుక్కలు. మిరియాల పొడి. వాసన గదంతా నిండింది, చంద్రవ్వ పక్క గదిలోంచి దగ్గుతూ, "ఏం వండుతున్నరే, దుకాణం వెట్టిన్రా!" అని అరిచింది. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు ముందుకు చాచి. కంచంలో సగం వేసి ముందు పెట్టాను. నా పొట్లం నేను విప్పాను. ఒకరి ముందు ఒకరం కూర్చున్నాం. తెల్లటి అన్నం ఆవిరి నా ముఖానికి తగులుతోంది, తినడానికి సిగ్గుగా ఉంది, ఆయన కంచం వైపు తల ఊపి తినమన్నాడు, తిన్నాను. ఎన్నాళ్లకు. గొంతు దిగుతుంటే ఏడుపు లాంటిది కూడా దాంతోపాటే దిగింది. బాపు ఒక పోగు నోట్లో పెట్టుకుని పీల్చాడు. నమిలాడు. ఇంకొకటి. నేను ఆయన చేతి వైపే చూస్తున్నాను, ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు అడ్డంగా వస్తుంది అని.

గోడ వణికింది. కరెంటు. ముందు ఒక సాంచ, తర్వాత పక్కది, తర్వాత అన్నీ, పద్మనగర్ మొత్తం ఒక్కసారిగా మళ్లీ మొదలైంది. గిన్నెలు గొణిగాయి. చెంబులో నీళ్ల మీద ముడతలు పడ్డాయి. పక్క సాంచల దగ్గరివాడు బాపు సాంచలు కూడా మొదలుపెట్టాడేమో, బాపు లేస్తాడిక, పోవాలి. బాపు పెదవులు కదిలాయి, ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఏంది బాపూ అన్నాను, అది ఆయనకు వినపడలేదు. కంచం ఖాళీగా ఉంది. ఆయన చెయ్యి లేచింది. నేను అరచెయ్యి కోసం చూశాను.

అరచెయ్యి రాలేదు. చూపుడువేలు ఒక్కటే నిలబెట్టి, గాలిలో గుండ్రంగా తిప్పాడు.

నేను లేచి మూకుడు తెచ్చాను.